జాగ నీదే, మరి గల్లీ ఎవరిది?

జనగామ లాంటి ఊళ్ళో ఓ రెండు మడిగెలు కట్టి కింద కిరాణమో, సిమెంటు దుకాణమో పెట్టాలంటే ఎవరెవర్ని అడగాలి? చట్టం ప్రకారం మున్సిపాలిటీని అడగాలి. అప్పు కావాలంటే బ్యాంకుని అడగాలి. వాస్తు సిద్ధాంతిని ఎలాగూ ఎవరూ చెప్పకుండానే అడుగుతాం :) ఈ జాబితాలో ఒక మనిషి పేరు మాత్రం ఎప్పుడూ కనపడదు. ఆ జాగకి ఆనుకుని ఇరవై ఏళ్ళుగా కాపురం ఉంటున్న మనిషి. మడిగెలు లేచాక ఆ లారీల చప్పుడు, ఆ మోరీ నీళ్ళు, ఇంటి ముందు అడ్డంగా నిలబడే బండ్లు అన్నీ భరించాల్సింది ఆయనే. కానీ ప్లాను పాసయ్యేదాకా ఆయనకి సంగతే తెలియదు.

ఇది ఏ ఒక్క ఆఫీసు తప్పో, ఏ ఒక్క ప్రభుత్వం తప్పో అనుకుంటే పొరపాటు. దీని వెనక వందేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. మన దగ్గర కట్టడం అనుమతి అనేది ఎప్పుడు, ఎందుకు పుట్టిందో చూస్తే పక్కింటాయన ఎక్కడ తప్పిపోయాడో కూడా తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, బగ్ దొరికితే ముందు అది ఏ వెర్షన్‌లో వచ్చిందో వెతకడం మనకి అలవాటే. అలాగే వెతుకుదాం.

బాగా వెనక్కి వెళితే 1244 లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం ఒకటి ఉంది. అంతకు ముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్ళు. మేం అలా చెయ్యం, ముప్ఫైలో ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు రాతి మీద చెక్కించి వర్తకులకి అభయం ఇచ్చాడు. దుకాణం ప్లానుకీ దీనికీ ఏం సంబంధం అంటారా? ఉంది. వర్తకుడికి కావలసింది దయ కాదు, ముందే తెలిసిన నియమం. "నీ దగ్గర ఇంత తీసుకుంటాను, ఇంతకు మించి తీసుకోను" అని రాసి అందరికీ కనపడేలా పెట్టడం. మన ప్రాంతంలో వ్యాపారికి రాజ్యం ఇచ్చిన మాటల్లో ఇది చాలా ముచ్చటైనది. దీని వయసు ఇప్పుడు ఏడున్నర వందల ఏళ్ళు దాటింది.

అయితే రేవులో రాతి మీద ఉన్న నియమం, ఊళ్ళో మనిషి నోటి మీద ఉన్న నియమం ఒకటి కావు. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. సికింద్రాబాదు నుంచి వచ్చిన రైలు దారి 1886 లో వరంగల్ చేరింది. ఆ దారిలో స్టేషన్ ఉన్న ఊరు కాబట్టి జనగామ బజారు పెరిగింది. ఊళ్ళలో మాత్రం మాట గడీది. విసునూరు దేశ్‌ముఖ్ కథ మనందరికీ తెలిసిందే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకి సాగు చేసుకున్న భూమి మీద పంటని గడీ వాళ్ళు ఎత్తుకుపోవాలని చూస్తే, ఆమె ఆంధ్ర మహాసభ అండతో నిలబడి దక్కించుకుంది. 1946 జులై 4 న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకి నేలకొరిగాడు. ఆ రెండూ జనగామ తాలూకా ఊళ్ళే.

ఆ పోరాటం గురించి మాట్లాడేటప్పుడు మనం భూమి, వెట్టి గురించే మాట్లాడతాం. అది సరైనదే. కానీ ఇంకో కోణం కూడా ఉంది. గడీ పాలన అంటే అనుమతుల పాలన. పెళ్ళికైనా పంటకైనా దొర 'సరే' అనాలి. ఆ 'సరే'కి లెక్క లేదు, గడువు లేదు, కారణం చెప్పక్కర్లేదు, పైన అప్పీలు అసలే లేదు. కాబట్టి ఈ ప్రాంతంలో "పర్మిషన్" అన్న మాట వినగానే జనం ఒళ్ళు జలదరించడం ఊరికే రాలేదు. ఇప్పటికీ మా చిన్నాయన లాంటి వాళ్ళు "నా జాగల నేను కట్టుకుంట, నడుమ గీ కాయితాలేంది బిడ్డా?" అంటారు. అందులో మొండితనం కొంత ఉంది, చరిత్ర ఎక్కువ ఉంది.

సరే, గడీ 'సరే'కి, మున్సిపాలిటీ అనుమతికి తేడా ఏంటి? రెండోది జనం ప్రాణాలు పోతే పుట్టింది.

బొంబాయిలో 1896 లో ప్లేగు వచ్చింది. గాలి, వెల్తురు లేని ఇరుకు చాల్‌లలో జనం పిట్టల్లా రాలిపోతే 1898 లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టారు. మన దగ్గర 1908 సెప్టెంబర్ 28 న మూసీ పొంగింది. చనిపోయిన వాళ్ళు 15 వేల దాకా ఉంటారని అంచనా. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. అవి అందరికీ తెలుసు. అంతగా తెలియనిది 1912 లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. రోడ్లు వెడల్పు చెయ్యడం, ఇరుకు బస్తీలు తీసి కొత్త ఇళ్ళు కట్టించడం దాని పని.

ఆ బోర్డు చేసిన పనుల్లో మన విషయానికి దగ్గరగా ఉన్నది పత్తర్‌గట్టీ. చార్మినార్ దగ్గర రోడ్డుకి రెండు పక్కలా రాతి కమానులతో వరసగా ఒకే తీరుగా ఉన్న దుకాణాలు. ఈసారి వెళ్ళినప్పుడు గాజుల బేరం కాసేపు ఆపి పైకి చూడండి. ఒక్కో దుకాణదారు ఒక్కో ప్లాను గీయించుకుని ఆఫీసు చుట్టూ తిరిగిన బాపతు కాదది. బోర్డే నమూనా గీసింది, నడవడానికి నీడ వదిలింది, దుకాణానికి ముఖం ఎలా ఉండాలో ముందే తేల్చేసింది. చిన్న వ్యాపారికి ప్లాను బాధ లేకుండా, వీధికి అందం, నడిచేవాళ్ళకి చోటు. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకి వస్తాను.

అదే రోజుల్లో మద్రాసు వైపు ఇంకో కథ నడిచింది. పాట్రిక్ గెడ్డెస్ అని ఒక స్కాట్లండ్ పెద్దమనిషి, ఊళ్ళ ప్లానింగ్ మీద ఒక ప్రదర్శన తయారు చేసి ఇండియాకి ఓడలో పంపించాడు. 1914 లో జర్మన్ల ఎండెన్ యుద్ధనౌక ఆ ఓడని ముంచేసింది (అవును, మద్రాసు మీద గుళ్ళు కురిపించిన ఆ ఎండెనే). ఆయన ఊరుకోకుండా మళ్ళీ పటాలన్నీ పోగు చేసి 1915 లో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు, మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ళు తిరిగి నివేదికలు రాశాడు. గెడ్డెస్ పద్ధతి ఒక్క ముక్కలో చెప్పాలంటే.. ముందు ఊరిని కాలినడకన చూడు, రోగం ఎక్కడుందో పట్టు, తర్వాత వీలైనంత తక్కువ కొయ్యి. గల్లీలో ఏ ఇల్లు తీస్తే గాలి ఆడుతుందో ఆ ఒక్కటే తియ్యి, మిగతావి ఉండనీ అనేవాడు. ఊరిని అందులో ఉండేవాళ్ళ కళ్ళతో చూడమన్నాడు.

1920 లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. తమాషా ఏంటంటే ఆ చట్టమే తర్వాత ఆంధ్రప్రదేశ్ టౌన్ ప్లానింగ్ చట్టం అయ్యి, 2014 తర్వాత తెలంగాణ టౌన్ ప్లానింగ్ చట్టం, 1920 అనే పేరుతో మనకి వచ్చింది. ఒక్క రోజు కూడా మద్రాసు పాలన కింద లేని జనగామకి మద్రాసులో రాసిన చట్టం! లెగసీ కోడ్ మన ప్రాజెక్టుల్లోనే ఉంటుందనుకుంటాం గానీ, సర్కారు దగ్గర ఉన్నంత లెగసీ కోడ్ ఎక్కడా ఉండదు.

ఆ 1920 చట్టంలో ఒక మంచి పద్ధతి ఉంది. ఊరికి ప్లాను ముసాయిదా తయారు చేస్తే దాన్ని ప్రచురించాలి, జనం అభ్యంతరాలు తీసుకోవాలి. ఇప్పటికీ మాస్టర్ ప్లాన్ వేసినా, ఒక జాగని నివాసం నుంచి వాణిజ్యానికి మార్చాలన్నా ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు. అంటే ఊరు మొత్తం గీత మారితే నిన్ను అడుగుతారు. నీ ఇంటి గోడ పక్కన ఏం లేస్తుందో మాత్రం అడగరు. బగ్ ఇక్కడుందన్నమాట! ఒక్క కట్టడం దగ్గరికొచ్చేసరికి అది దరఖాస్తుదారుకీ, ఆఫీసుకీ మధ్య ఇద్దరి వ్యవహారం అయిపోయింది. మూడో మనిషికి కుర్చీ వెయ్యలేదు.

హైదరాబాద్ రాష్ట్రంలో 1955 లో మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 1956 లో జిల్లా మున్సిపాలిటీల చట్టం వచ్చాయి. రాష్ట్రాలు కలిశాక 1965 లో ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం. 1955 చట్టంలో ఒక నిబంధన చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. కడతానని నోటీసు ఇచ్చాక 30 రోజుల్లోగా కమిషనర్ వద్దు అని చెప్పకపోతే పని మొదలుపెట్టుకోవచ్చు. "గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే" అన్న మాట ఈ మధ్య కంప్యూటర్లు వచ్చాక కనిపెట్టింది కాదు. డెబ్బై ఏళ్ళ నాటిది. మరి అప్పుడెందుకు పని చెయ్యలేదు? ఎందుకంటే 30 రోజులు ఎప్పుడు మొదలైందో తేల్చేది ఆఫీసే. కాగితం ఒకటి తక్కువుందని 29 వ రోజు వెనక్కి పంపిస్తే గడియారం మళ్ళీ సున్నాకొస్తుంది. టైమ్అవుట్ ఉంది, కానీ టైమర్ అవతలివాడి చేతిలో ఉంది :)

ఇక 2012 ఏప్రిల్ 7 న వచ్చిన జీవో 168 గురించి చెప్పుకోకపోతే ఈ టపా పూర్తి కాదు. రాష్ట్రంలో కట్టడాల నియమాలన్నీ ఒక చోట చేర్చిన జీవో అది. జాగ ఎంత, ముందున్న రోడ్డు ఎంత, ఎత్తు ఎంత అనే మూడింటిని బట్టి ఏ పక్క ఎంత ఖాళీ వదలాలో (మనవాళ్ళు సెట్‌బ్యాక్ అంటారు) పట్టికలు ఉంటాయి. పార్కింగుకి ఎంత శాతం వదలాలో ఉంటుంది. ఒక స్థాయి దాటిన కట్టడాలకి 10 శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టావని తేలాక ఆ భాగం విడిపిస్తారు. కాగితం మీద చూస్తే ఇది చాలా తెలివైన ఏర్పాటు.

మరి ఊళ్ళో మడిగెలు చూడండి. ముందు సెట్‌బ్యాక్ ఉండాల్సిన చోట మెట్లు, మెట్ల మీద రేకుల షెడ్డు, షెడ్డు కింద సిమెంటు బస్తాలు. ఎందుకలా? వ్యాపారులంతా దొంగలా? కాదు. మన ఊళ్ళ తీరు వేరు, నియమాల తీరు వేరు. 1926 లో అమెరికా సుప్రీం కోర్టు యూక్లిడ్ కేసులో ఇళ్ళు ఒక చోట, దుకాణాలు ఒక చోట అని విడగొట్టే జోనింగ్‌కి ఆమోదముద్ర వేసింది. ఆ ఆలోచన ప్రపంచమంతా పాకింది. మన ఊళ్ళలో అదెప్పుడూ లేదు. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మలు దించే పనివాళ్ళ తీరు చూడండి. ముందు పని, వెనక వంట. ముందు షట్టరు, వెనక పడగ్గది అనేది మన దగ్గర బతుకు తీరు. దాన్ని తెచ్చి నివాసమా, వాణిజ్యమా, ఏదో ఒక గళ్ళో టిక్కు పెట్టు అంటే మనిషి తనకి తక్కువ ఖర్చయ్యే గళ్ళో పెడతాడు.

ఆ తర్వాత జరిగేది మనందరికీ తెలుసు. కట్టేస్తారు. కొన్నేళ్ళకి సర్కారు క్రమబద్ధీకరణ పథకం పెడుతుంది. 2007 డిసెంబర్ 31 న జీవో 901 తో భవనాల పథకం వచ్చింది. 2015 లో తెలంగాణలో భవనాలకీ, లేఅవుట్లకీ మళ్ళీ వచ్చింది. 2020 ఆగస్టు 31 న జీవో 131 తో లేఅవుట్లకి ఇంకోసారి. ఆ ఒక్కసారికే 25 లక్షలకి పైగా దరఖాస్తులు వచ్చాయి. 25 లక్షల మంది తప్పు చేశారంటే అది జనం తప్పు కాదు, నియమం తప్పో, అమలు తప్పో అయి ఉండాలి. మన భాషలో చెప్పాలంటే ఇది టెక్నికల్ డెట్. ప్రతి ఐదారేళ్ళకోసారి వడ్డీ కట్టించుకుని అసలు అలాగే ఉంచేస్తున్నాం. నియమం పాటించి మూడడుగులు వదులుకున్నవాడు మాత్రం ప్రతిసారీ వెర్రివాడిలా మిగిలిపోతాడు.

ఇప్పుడు మన రంగం వాళ్ళ పాత్ర. 2016 లో హైదరాబాద్ కార్పొరేషన్ అనుమతుల కోసం డీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ తెచ్చింది. అందులో ఆటోడీసీఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఇంజనీరు క్యాడ్‌లో ప్లాను గీసేటప్పుడు జాగ హద్దు ఒక లేయర్, కట్టడం ఒక లేయర్, రోడ్డు ఒక లేయర్ ఇలా నిర్ణీత పేర్లతో గీయాలి. సాఫ్ట్‌వేర్ ఆ లేయర్లని చదివి కొలతలు తీసి నియమాలతో సరిచూసి రిపోర్టు ఇచ్చేస్తుంది. నిజం చెప్పొద్దూ, ఆలోచన నాకు చాలా నచ్చింది. స్కేలు పట్టుకుని కొలిచే క్లర్కు మూడ్‌ని బట్టి కాకుండా అందరికీ ఒకే కొలత.

తర్వాత 2020 లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది, ఆ ఏడాది నవంబర్ 16 న మొదలయ్యింది. 75 చదరపు గజాల లోపు జాగలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్ళకి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 600 చదరపు గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకి సొంత ధ్రువీకరణతో అప్పటికప్పుడు అనుమతి. మిగతావాటికి సింగిల్ విండోలో 21 రోజులు, దాటితే 22 వ రోజు అనుమతి ఇచ్చినట్టే. ఈసారి టైమర్ కంప్యూటర్ చేతిలో ఉంది కాబట్టి 1955 నాటి నిబంధనకి పళ్ళొచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. కిందిస్థాయి చేతివాటం మీద ఇంత గట్టి దెబ్బ అంతకు ముందు పడలేదు. 2025 లో దీని స్థానంలో బిల్డ్‌నౌ అనే ఇంకా వేగమైన వ్యవస్థ వచ్చింది. ప్లాను సరిచూసే పని నిమిషాల్లోకి దిగుతోంది.

బావుంది. కానీ బీపాస్ పట్టికలో మడిగె ఎక్కడుందో చూశారా? అప్పటికప్పుడు అనుమతి ఇళ్ళకే. వ్యాపార కట్టడం ఎంత చిన్నదైనా సింగిల్ విండో దారిలోనే పోవాలి. రెండు షట్టర్ల కిరాణా కొట్టుకీ, నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్సుకీ ఒకే క్యూ. ఫలితం ఊహించొచ్చు. ఇల్లు అని రాసి అనుమతి తీసుకోవడం, ముందు గదికి షట్టరు పెట్టడం. వేగం పెంచిన వ్యవస్థే అబద్ధానికి కూడా వేగం పెంచింది.

ఈ అబద్ధం ఎంత దూరం పోతుందో మీరట్ కేసు చెబుతుంది. అక్కడ నివాసానికని కేటాయించిన జాగలో 1990 లో దుకాణాలు కట్టారు. 2014 లో అలహాబాద్ హైకోర్టు కూల్చమంది. 2024 డిసెంబర్ 17 న సుప్రీం కోర్టు అదే ఖాయం చేసింది. పాతికేళ్ళకి పైగా వ్యాపారం చేసుకున్నవాళ్ళకి కూడా ఊరట దొరకలేదు. అంతేకాదు, దేశమంతటికీ ఆదేశాలు ఇచ్చింది. కట్టేచోట ఆమోదించిన ప్లాను అందరికీ కనపడేలా పెట్టాలి. నివాసయోగ్యత పత్రం ఉంటేనే కరెంటు, నీళ్ళు. అనుమతి లేని కట్టడంలో వ్యాపార లైసెన్సు ఇవ్వకూడదు. బ్యాంకులు కూడా ఆ పత్రం చూశాకే అప్పివ్వాలి. షట్టరు తెరిచిన రోజున కాకపోయినా, అప్పు కోసం వెళ్ళిన రోజునో, అమ్మబోయిన రోజునో ఆ టిక్కు బయటపడుతుంది. పెద్ద బిల్డరుకి లాయర్లుంటారు. కిరాణా కొట్టాయనకి ఉన్నదంతా ఆ షట్టరే.

2016 అక్టోబర్ 11 న జనగామ జిల్లా అయ్యింది. మొదటి ముసాయిదాలో లేకపోతే జనం రోడ్డెక్కి మరీ సాధించుకున్నారు. జిల్లా అంటే కలెక్టరేటు, ఆఫీసులు, వాటి చుట్టూ జిరాక్సు షాపులు, టిఫిన్ సెంటర్లు, మడిగెలు. నిన్నటిదాకా ఎడ్లబండి తిరిగిన గల్లీలో గోడౌన్ లేస్తుంది. నాకు తెలిసిన ఒక గల్లీలో అదే జరిగింది. ప్లాను సక్రమం, కొలతలు సక్రమం, సాఫ్ట్‌వేర్ ఆకుపచ్చ రంగు చూపించింది. సమస్య ఏంటంటే సరుకు లారీ మలుపు తిరగాలంటే ఎదురింటి గేటు ముందుకి వెనక్కి రావాల్సిందే, అది కూడా తెల్లారుజామున నాలుగింటికి. ఎదురింటాయన వచ్చి "అన్నా, నీ దుకాణం నువ్వు కట్టుకో, మేం వద్దంటలేం. గని లారొస్తె మా పిలగాండ్లు ఎటు పోవాలె?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆ షట్టరు ఈ పక్కకి కాకుండా ఆ పక్కకి పెట్టి ఉంటే సరిపోయేది. కానీ స్లాబు పడ్డాక అడిగిన ప్రశ్నకి జవాబు ఖరీదు చాలా ఎక్కువ. డిజైన్ దశలో దొరికిన బగ్‌కీ, ప్రొడక్షన్‌లో దొరికిన బగ్‌కీ ఉన్నంత తేడా.

ఆటోడీసీఆర్ ఈ విషయం ఎలా పట్టుకుంటుంది చెప్పండి? క్యాడ్ ఫైల్లో జాగ హద్దు దగ్గర ప్రపంచం ఆగిపోతుంది. ఎదురింటి గేటుకి లేయర్ లేదు. మోరీ ఎటు వాలుగా ఉందో, వానాకాలం ఎవరి గడప ముందు నీళ్ళు నిలుస్తాయో, బడి వదిలే వేళ ఎప్పుడో ఆ గల్లీలో అందరికీ తెలుసు, సర్వర్‌కి తెలియదు. గెడ్డెస్ ఊళ్ళు తిరిగి చూసినవి ఇవే.

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళకి ఇది వేరే రకంగా పరిచయం. అక్కడ 1975 నాటి మున్సిపల్ ల్యాండ్ యూజ్ చట్టం కింద ఊరి ప్లానింగ్ బోర్డు ఉంటుంది. నోటీసు తప్పనిసరి అయిన దరఖాస్తుల్లో చుట్టూ 200 అడుగుల లోపు ఆస్తులున్న ప్రతి ఒక్కరికీ కబురు పంపాలి. బోర్డు బహిరంగంగా కూర్చుంటుంది, ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. అలాగని ఏళ్ళ తరబడి సాగదు. 10 ఎకరాల లోపు మామూలు సైట్ ప్లాను అయితే కాగితాలు పూర్తిగా అందాక 45 రోజుల్లో తేల్చాలి, లేకపోతే ఆమోదించినట్టే. అంటే గడువూ ఉంది, పక్కవాడికి కుర్చీ కూడా ఉంది. రెండూ ఒకే చట్టంలో ఇమిడాయి.

అయితే వెంటనే "మనమూ అదే పెట్టేద్దాం" అని ఎగిరి గంతెయ్యకండి. అదే న్యూజెర్సీలో అదే 1975 లో అక్కడి సుప్రీం కోర్టు మౌంట్ లారెల్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ ఊరు ప్లానింగ్ నియమాలని అడ్డం పెట్టుకుని పేదవాళ్ళని ఊళ్ళోకి రాకుండా చేస్తోందని, అది చెల్లదని చెప్పింది. ట్రాఫిక్ అనీ, పార్కింగ్ అనీ పైకి అంటారు, లోపల ఉన్న బాధ "వీళ్ళు మా పక్కన వద్దు" అని. ఇప్పుడు దీన్ని మన ఊళ్ళోకి తెచ్చి చూడండి. పక్కింటాయన 'సరే' అంటేనే మడిగె అన్నామనుకోండి. ఊరి నడి బజార్లో ఒక దళిత కుటుంబం హోటల్ పెడతానంటే ఎంతమంది సంతకం పెడతారు? ఎవరి మటన్ దుకాణానికి అభ్యంతరం వస్తుంది, ఎవరి స్వీట్ షాపుకి రాదు? గడీ పోయిందని సంబరపడి, గల్లీకో గడీ కట్టినట్టవుతుంది. ఐలమ్మ ఊరి పక్కన పుట్టినవాళ్ళం ఆ పని చెయ్యలేం.

కాబట్టి నేను అనేది ఏంటంటే, పక్కింటాయనకి వినిపించే హక్కు ఉండాలి, ఆపేసే హక్కు ఉండకూడదు. ఈ రెంటికీ మధ్య గీత గియ్యడం కష్టమేమీ కాదు.

ఒకటి, ఆమోదించిన ప్లాను బోర్డు పెట్టాలని సుప్రీం కోర్టు ఎలాగూ చెప్పింది. దాన్ని కాస్త ముందుకి జరపండి. దరఖాస్తు పెట్టిన రోజే జాగ దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. ఏం కడుతున్నారు, షట్టరు ఎటు, లారీ ఎటు, మోరీ ఎటు అన్నవి బొమ్మతో ఉండాలి. రెండు, మూడు వారాల గడువులోనే మొదటి ఏడు రోజులు అభ్యంతరాలకి ఇవ్వాలి. గడువు ఒక్క రోజు కూడా పెరగకూడదు. మూడు, అభ్యంతరం రాయడానికి ఖాళీ కాగితం ఇవ్వకూడదు. నీళ్ళు, బండ్లు, నిప్పు, చప్పుడు, దారి అని ఐదు గళ్ళే ఉండాలి. మనిషి మీద, కులం మీద, తిండి మీద రాయడానికి అసలు చోటే ఉండకూడదు. నాలుగు, అధికారి ప్రతి అభ్యంతరానికీ ఒక్క వాక్యమైనా జవాబు రాయాలి, అది అందరికీ కనపడాలి. గడీ 'సరే'కీ, చట్టం 'సరే'కీ ఉన్న తేడా మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.. కారణం చెప్పడం.

ఐదోది పత్తర్‌గట్టీ దగ్గర్నుంచి తెచ్చుకుందాం. వందేళ్ళ కింద బోర్డు నమూనా గీసి ఇచ్చినట్టు, చిన్న జాగల్లో ముందు మడిగె, వెనక ఇల్లు ఉండేలా పది నమూనాలు మున్సిపాలిటీయే గీసి పెట్టాలి. వాటిల్లో ఒకటి ఎంచుకుంటే ఇళ్ళకి ఇచ్చినట్టే అప్పటికప్పుడు అనుమతి ఇవ్వాలి. అప్పుడు ఇల్లని అబద్ధం రాయాల్సిన అవసరమే ఉండదు. నిజం రాయడం అబద్ధం కంటే చవకైతే జనం నిజమే రాస్తారు.

ఇదంతా ఎవరు పట్టించుకుంటారు అంటారేమో. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో ప్రతి వార్డుకీ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలని రాసుకున్నారు. అంటే వార్డుకి 60 మంది! వాళ్ళని మొక్కలు నాటడానికీ, ఫోటోలకీ మాత్రమే పిలిస్తే ఎలా? తమ వార్డులో ఈ వారం ఏ ప్లానులు వచ్చాయో ఆ 60 మంది ఫోన్లకి ఒక మెసేజ్ పంపడం మనలాంటి వాళ్ళకి ఎన్ని రోజుల పని? ఒక మంచి కుర్రాడు వారాంతంలో రాసి పడేస్తాడు.

అదే చట్టంలో అనుమతి లేని కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా రాసుకున్నారు. కూల్చివేతల మీద 2024 నవంబర్ 13 న ఇచ్చిన తీర్పులో సుప్రీం కోర్టు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలంది (రోడ్లు, చెరువుల్లాంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకి అది వర్తించదు). కూల్చే ముందు చెప్పాలి అన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్న నీతి. కట్టే ముందు చెప్పాలి అన్నది కూడా అదే నీతి కదా? దాన్ని మొదటి రోజే పాటిస్తే, చివరి రోజు జేసీబీతో పనే పడదు.

మోటుపల్లి రాయి మీద ఉన్నది వర్తకుడికీ రాజుకీ మధ్య మాట. జీవోల్లో ఉన్నది దరఖాస్తుదారుకీ ఆఫీసుకీ మధ్య మాట. గల్లీకి ఇచ్చిన మాట మాత్రం ఇంకా ఎవరూ, ఎక్కడా చెక్కలేదు. దానికి రాయి అక్కర్లేదు. జాగ ముందు నాలుగడుగుల రేకు బోర్డు, దాని మీద చదవగలిగే తెలుగు, అంతే. మీ ఊళ్ళో ఏదైనా ఖాళీ జాగలో కంకర దిగడం చూస్తే ఆ బోర్డు ఉందా లేదా అని ఓసారి చూడండి. లేకపోతే మున్సిపాలిటీలో అడగండి. అడగడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.